చిత్రాంగి తప్పు, రాజు నేరం

సారంగధరుడి కథ తెలియని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. ఇప్పటి పిల్లలకు మొదటినుంచీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి ముందు కథ చెప్పేసి, తర్వాత నా గొడవలోకి వస్తాను.

రాజమహేంద్రవరాన్ని ఏలే రాజరాజనరేంద్రుడికి పెద్దరాణి రత్నాంగి. ఆమె కొడుకు సారంగధరుడు. రాజు వయసు మళ్లాక చిత్రాంగి అనే పడుచుపిల్లను రెండో రాణిగా తెచ్చుకున్నాడు. ఒకరోజు రాజు వేటకు వెళ్లాడు. సారంగధరుడు పావురాలను ఎగరేస్తూ ఉంటే అతని పావురం వెళ్లి చిత్రాంగి మేడ మీద వాలింది. స్నేహితుడు వద్దంటున్నా వినకుండా దానికోసం మేడెక్కాడు. చిత్రాంగి అతనికి తన మనసులో మాట చెప్పింది. "నువ్వు నాకు తల్లివి" అని అతను విదిలించుకుని వచ్చేశాడు. రాజు తిరిగొచ్చేసరికి ఆమె జరిగినదాన్ని తిరగేసి, సారంగధరుడే తన మీద చెయ్యి వేశాడని చెప్పింది. రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరికించమన్నాడు. ఊరి బయట మెట్ట మీద ఆ పని జరిగిపోయింది. రాజమండ్రిలో ఆ మెట్టను ఇప్పటికీ సారంగధర మెట్ట అనే పిలుస్తారు.

దీని నీతేమిటని అడిగితే పెద్దవాళ్లు రెండు మాటలు చెప్పేవారు. చెప్పుడు మాటలు వినకూడదు. ముసలితనంలో పడుచుపెళ్లాన్ని తెచ్చుకోకూడదు. రెండిట్లోనూ రాజు పాపం మంచివాడే. ఒక నీతిలో మోసపోయాడు, ఇంకో నీతిలో తొందరపడ్డాడు. పాపమంతా మూటగట్టి చిత్రాంగి నెత్తిన పెట్టేశారు. ఈ కథ విషాదనాటకంగా రంగస్థలం ఎక్కి 130 ఏళ్లు దాటినా మన చదువు అక్కడే ఆగిపోయింది. నాకది మింగుడుపడదు. నా దృష్టిలో ఇందులో అన్యాయం చిత్రాంగి పెళ్లినాడే మొదలైంది, రాజు తీర్పుతో పూర్తయింది. మధ్యలో ఆమె ఆడిన అబద్ధం ఉంది. అది ఒక మనిషి ప్రాణం మీదకు తెచ్చిన తప్పు, దాన్ని నేను తుడిచిపెట్టను. కానీ ఆ ఒక్క అబద్ధం వెలుగులో నాటకమంతా చూస్తే ముందూ వెనకా జరిగినవన్నీ చీకట్లో ఉండిపోతాయి.

ఈ కథను విషాదాంతంగా రాసింది బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో పుట్టి 1912లో పోయారు. కన్నడం మాట్లాడే ఊళ్లో కూర్చుని, సరసవినోదిని సభ పెట్టుకుని, తెలుగు నాటకాలు రాసి ఆడించి ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకున్నారు. ఆయన 'విషాద సారంగధర' 1889 నాటిది. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీన్నే చెప్పుకుంటారు. అప్పటిదాకా నాటకమంటే సంస్కృత లక్షణం ప్రకారం శుభంగా ముగియాలి. నాయకుడి చావు రంగం మీద చూపించకూడదు. సంస్కృతంలో భాసుడు దుర్యోధనుణ్ణి రంగం మీదే చంపాడు కదా అంటారా, భాసుడివని చెప్పే ఆ నాటకాలు తిరువనంతపురంలో గణపతిశాస్త్రి గారి చేతుల మీదుగా అచ్చులోకి రావడం మొదలైంది 1912లో. అంటే ధర్మవరంవారు పోయిన ఏడే. అలా రాయొచ్చని చూపించే ఆధారం ఆయన ముందు లేదు. తనకు తానే తెగించారు.

విషాదాంతాన్ని షేక్స్పియర్ దగ్గర తెచ్చుకున్నాం అనే మాట తరచూ వింటాం. సగమే నిజం. పండితుల నాటకశాలలో విషాదం లేదు గానీ, రచ్చబండ దగ్గర అది ఎప్పటినుంచో ఉంది. పల్నాటి వీరుల కథలో బాలచంద్రుడు తిరిగి రాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కాలిపోయాక దాన్ని పాడుకున్న జంగాలు ఎవరినీ బతికించి చూపించలేదు, మల్లమ్మను కూడా. కామమ్మ కథ, సన్యాసమ్మ కథ పాడుకుంటూ ఏడ్చిన ఆడవాళ్లకు ఏ లాక్షణికుడూ అనుమతి ఇవ్వాల్సిన పని రాలేదు. జనం కన్నీళ్లకు అలవాటుపడే ఉన్నారు. ధర్మవరంవారు ఆ కన్నీళ్లను పద్యనాటకంలోకి, తెర కట్టిన వేదిక మీదకి తీసుకొచ్చారు. బళ్లారి సమాజం మద్రాసు వెళ్లి ఆడిన నాటకాలు చూసే పమ్మళ్ సంబంధ మొదలియారు 1891లో సుగుణ విలాస సభ స్థాపించారు, తమిళంలో సారంగధర కూడా రాశారు. తెలుగువాళ్లం మనం ఈ మాట ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

రచయిత వకీలు అన్న సంగతి దగ్గర కాస్త ఆగుతాను. అప్పటికి ఈ దేశంలో 1860 నాటి శిక్షాస్మృతి ఉంది, 1872 నాటి సాక్ష్యాల చట్టం ఉంది. ముద్దాయి మాట వినాలి, సాక్షిని ఎదురుప్రశ్న వేయాలి, విచారణ లేకుండా శిక్ష పడకూడదు అనే పద్ధతి మధ్య ఆయన రోజూ బతికారు. అలాంటి మనిషి రాత్రికి రాత్రి ముగిసిపోయిన ఒక తీర్పు కథను ఎంచుకున్నారు. ఇది యాదృచ్ఛికం అని నేను నమ్మను. సారంగధరుడి కథలో ఫిర్యాది భర్తా రాజే, ముద్దాయి తండ్రీ రాజే, న్యాయమూర్తీ రాజే. మూడు కుర్చీల్లోనూ ఒకే మనిషి. ఇందులో న్యాయం జరగడానికి దారెక్కడుంది? నిజం నిలకడ మీద తెలుస్తుందని మన సామెత. రాజు ఇవ్వనిది ఆ నిలకడే. ఒక్క రోజు ఆగి ఉంటే పావురం సంగతి బయటపడేది, మేడెక్కొద్దని వారించిన స్నేహితుడు నోరు విప్పేవాడు, రత్నాంగి వచ్చి ఎదురు నిలబడేది.

ఇక పెళ్లి సంగతి. జనం నోట్లోనూ రంగస్థలం మీదా తర్వాత సినిమాల్లోనూ బాగా నాటుకుపోయిన కథనం ఒకటుంది. చిత్రాంగి ముందు సారంగధరుడి చిత్రపటం చూసింది, మనసిచ్చింది. సంబంధమూ అతనికే అనుకున్నారు. ఈ లోపల రాజు కన్ను ఆమె మీద పడింది. పెళ్లికి రాజు రాలేదు, రాజు కత్తి వచ్చింది. కత్తికి బాసికం కట్టి పెళ్లి జరిపించే ఆచారం రాజులకూ జమీందార్లకూ ఉండేది. ఆ పిల్ల కత్తి పక్కన పీటల మీద కూర్చుంది. ఎవరి కత్తో ఆమెకు తెలియదు. బొమ్మలో చూసినవాడిదే అనుకుంది. అత్తవారింటికి వచ్చాక గదిలోకి అడుగుపెట్టినవాడు అతని తండ్రి.

ఈ ఘట్టాన్ని మన నాటక సమాజాలు ఎంత సులువుగా దాటిపోతాయో చూస్తే నాకు బాధేస్తుంది. కొన్ని ప్రదర్శనల్లో దాసి నోట రెండు మాటల్లో చెప్పించేస్తారు. కొన్నిట్లో అదీ ఉండదు, చిత్రాంగి అలంకరించుకుంటూనే తెర లేస్తుంది. ఆమె ఎలా అక్కడికి వచ్చిందో ప్రేక్షకుడికి తెలియదు. తెలియకపోతే ఆమె మాటలు ఎలా వినిపిస్తాయి? కామంతో కళ్లు మూసుకుపోయిన సవతితల్లిగా వినిపిస్తాయి. పెళ్లి చూశాక అవే పద్యాలు వింటే, మోసంతో లాక్కున్న జీవితాన్ని ఆఖరిసారి అడిగి చూస్తున్న మనిషి కనిపిస్తుంది. పద్యం మారదు, రాగం మారదు. వినేవాడి చెవి మారుతుంది. సారంగధరుడు "తల్లివి" అన్నప్పుడు అతను ధర్మం చెబుతున్నాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ మాట ఆమెకు తగిలే చోటు వేరు. ఆమెను అతనికి తల్లిని చేసింది ఎవరు? ఆమె అడిగి తల్లి అయిందా?

1889లో ఈ నాటకం చూసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. ముసలి వరుడికి ముక్కుపచ్చలారని పిల్లను అమ్మడం వీధిలో జరుగుతున్న వ్యవహారం. చిత్రాంగి మేడ ఉండేదని జనం చెప్పుకునే రాజమండ్రిలోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా ఎదురుతిరిగినా జరిపించారు. ఆడపిల్లతో సంసారానికి కనీస వయసును 10 నుంచి 12కు పెంచే చట్టం 1891లో వస్తే దేశమంతా అల్లరైంది. గురజాడ కన్యాశుల్కం 1892లో రంగం మీదకొచ్చింది. ఆయన అంతకుముందే, 1883లో, సారంగధరుడి కథ మీద ఇంగ్లీషులో కావ్యం రాశారు. కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ దాన్ని తన పత్రికలో మళ్లీ వేసుకుని, తెలుగులో రాయమని ఆయన్ను ప్రోత్సహించారు. ఆ తరం రచయితలను ఈ కథ ఎందుకంత పట్టుకుందో ఊహించడం కష్టం కాదు. ముసలి మొగుడు, పడుచు భార్య, ఆమె ఈడు కొడుకు ఒకే ఇంట్లో ఉన్న లోగిళ్లు వాళ్ల చుట్టూ కోకొల్లలు. వాటి నాలుగ్గోడల మధ్య ఏం జరిగేదో ఎవరూ రాయలేదు. రాజుగారి మేడ పేరు చెప్పి రాయొచ్చు.

ఒక పరిషత్తు పోటీల్లో నేను చూసిన ప్రదర్శన ఒకటి చెప్పాలి. రాజు వేషగాడిది మంచి గొంతు. చిత్రాంగి ఫిర్యాదు విన్నాక అతను కోపంతో పద్యం ఎత్తుకున్నాడు. నాలుగో పాదం చివర రాగం లాగి లాగి, హార్మోనియం ఆయన వేళ్లు అందుకోలేనంత పైకి తీసుకెళ్లి వదిలాడు. హాలు దద్దరిల్లింది. వన్స్‌మోర్ అన్నారు. అతను దండం పెట్టి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. అది కొడుకు కాళ్లూ చేతులూ నరకమనే పద్యం. రెండోసారి పాడుతున్నంతసేపూ సారంగధరుడి వేషం వేసిన కుర్రాడు చేతులు కట్టుకుని తలవంచుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. పద్యం అయ్యాక మళ్లీ చప్పట్లు. కుర్రాడికి ఇచ్చిన పద్యం ఒకటే. దాన్ని వేళ మించిపోతోందని సగంలో కోసేశారు. చిత్రాంగి వేసిన అమ్మాయి అప్పటికే తెర పక్కకి వెళ్లిపోయింది.

ఆ నటుణ్ణి నేను తప్పుపట్టను. పద్యనాటకానికి ప్రాణం ఆ రాగమే, ఆ వన్స్‌మోరే. నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. శిక్ష వేసేవాడికి రెండుసార్లు పాడే హక్కుంది, శిక్ష పడినవాడికి ఒక్కసారి కూడా పూర్తిగా లేదు. ఎవరి వల్ల ఇదంతా జరిగిందని మనం తిట్టుకుంటామో ఆమె తీర్పు వేళకు రంగం మీదే లేదు. తన అబద్ధం ఫలితం ఆమె ముఖం మీద ఎలా కదులుతుందో మేం చూడలేకపోయాం. నిజానికి ఈ నాటకంలో నటించడానికి అంతకంటే పెద్ద ఘట్టం లేదు. నరకమంటాడని ఆమె అనుకుందా? దూరంగా పంపేస్తాడనుకుందా? కోపంలో అన్నమాట వెనక్కి తీసుకోవాలని నోటిదాకా వచ్చి, తీసుకుంటే ఆ కత్తి తన మీదకే వస్తుందని ఆగిపోయిందా? ఇవన్నీ మాట లేకుండా నటించాల్సిన సంగతులు. ఒకప్పుడు స్థానం నరసింహారావు గారు చిత్రాంగి వేషానికి పెట్టింది పేరు. మగవాళ్లు ఆడవేషాలు వేసే ఆ రోజుల్లోనే ఆ పాత్రకు అంత పేరొచ్చిందంటే అందులో నటుడికి దొరికే లోతు అలాంటిది. ధర్మవరంవారి మేనల్లుడు బళ్లారి రాఘవ ఆడపాత్రలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టారు. ఇప్పుడు ఆడవాళ్లే వేస్తున్నారు. వేస్తున్న చోటా చిత్రాంగిని రెండు రంగాలకు పరిమితం చేస్తే ఆ పట్టుదల వల్ల మనకు ఒరిగిందేమిటి?

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. ఆమె పెట్టింది తప్పుడు ఫిర్యాదు. నిర్దోషి అయిన యువకుడు అందువల్లే నాశనమయ్యాడు. ఆమె మీద జాలి చూపిస్తే తప్పుడు ఫిర్యాదును సమర్థించినట్టే కదా? కాదంటాను. నాటకంలో ఒక మనిషి ఎందుకు అలా చేసిందో తెలుసుకోవడం వేరు, చేసింది సబబని ఒప్పుకోవడం వేరు. ఆమె అబద్ధం ఆడింది. దానికి ఆమె జవాబుదారీ. అయితే అబద్ధం ఫిర్యాదుగా మిగిలిపోవడానికీ కాళ్లూ చేతులూ నరికే ఆజ్ఞగా మారడానికీ మధ్య ఒక మనిషి నిలబడి ఉండాలి. దాన్ని పరీక్షించడం అతని పని. ఏ కాలంలోనైనా ఫిర్యాదుల్లో అబద్ధాలుంటాయి, నిజాలూ ఉంటాయి. వాటిని విడదీయడానికే విచారణ పెట్టుకున్నాం. విచారణ ఎత్తేసినచోట నిజమైన ఫిర్యాదుకూ దిక్కుండదు, తప్పుడు ఫిర్యాదుకూ అడ్డుండదు. ఈ కథను పట్టుకుని ఆడవాళ్ల మాట నమ్మకూడదని చెప్పేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్లను నేనడిగేది ఒక్కటే. రాజు చిత్రాంగి మాట నమ్మాడా, తన అనుమానాన్ని నమ్మాడా? కొడుకు ఈడు పిల్లను పెళ్లి చేసుకున్నవాడు, అదీ కొడుక్కి అనుకున్న సంబంధాన్ని, ఏదో ఒకరోజు ఇలాంటి మాట వింటానని లోలోపల భయపడుతూనే ఉంటాడు. చిత్రాంగి చెప్పింది ఆ భయానికి సరిగ్గా సరిపోయింది. అందుకే ఇంకెవరినీ అడగాలనిపించలేదు.

ఇలాంటి కథ మనకొక్కరికే లేదు. గ్రీకుల్లో క్రీస్తుకు పూర్వం 428లో యూరిపిడీస్ ఆడించిన నాటకంలో థీసియస్ అనే రాజు కూడా చచ్చిపోయిన భార్య ఫేడ్రా చేతిలో కొడుకు మీద నింద వేసిన ఉత్తరం చూసి అతన్ని శపిస్తాడు, విచారించడు. అశోకుడి కొడుకు కునాలుడి కళ్లు తీయించింది సవతితల్లి తిష్యరక్షిత అని బౌద్ధ కథ. అక్కడ ఆజ్ఞ మీద పడింది రాజముద్రే. పంజాబులో పూరణ్ భగత్‌ది దాదాపు మన సారంగధరుడి కథే. తండ్రి సియాల్‌కోట రాజు సల్వాన్, సవతితల్లి లూణా. కాళ్లూ చేతులూ నరికి బావిలో పడేశారు, గోరఖనాథుడు వచ్చి బతికించాడు. ఇన్ని దేశాల్లో ఇన్ని వందల ఏళ్లపాటు ఒకే అచ్చులో పోసినట్టు ఈ కథ పుట్టిందంటే, ప్రతిచోటా ఒక ముసలి రాజు, ఒక తొందర తీర్పు ఉండే ఉంటాయి. అయినా కథ పేరు చెప్పగానే తిట్టు ఆడదానికే తగులుతోంది.

వీటిల్లో కొన్ని భాషలు దారి మార్చుకున్నాయి. ఫ్రాన్సులో 1677లోనే రసీన్ తన నాటకానికి ఆ గ్రీకు సవతితల్లి ఫేడ్రా పేరే పెట్టి, ఆమె మనసులో నరకాన్ని నడిమధ్యకు తెచ్చాడు. పంజాబీ కవి శివ్‌కుమార్ బటాల్వీ 1965లో లూణా వైపు నుంచి కథ మొత్తాన్ని కావ్యనాటకంగా రాశారు. దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కూతురి ఈడు పిల్లను తెచ్చుకున్న రాజును అడగాల్సినవన్నీ లూణా అడుగుతుంది. అందులో పూరణ్‌కు వచ్చిన లోటేమీ లేదు, అతని నిర్దోషిత్వం అలాగే ఉంది. తెలుగులో ఇంతటి పద్యనాటక సంపద ఉండి, చిత్రాంగికి ఆ మాత్రం చోటు ఎందుకివ్వలేకపోయాం?

ముగింపు గురించీ గట్టిగా చెప్పాల్సింది ఉంది. పాత కథలో సిద్ధుడొకడు వస్తాడు. తెగిన కాళ్లూ చేతులూ మొలిపిస్తాడు, సారంగధరుడు చౌరంగి అనే నాథసిద్ధుడవుతాడు. 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో రాసిన నవనాథ చరిత్రలో ఈ కథ చెప్పింది అందుకే, ఆ సిద్ధుడి పుట్టుక చెప్పడానికి. అది యోగుల కథ. వాళ్లకు తెగడం దీక్షకు మొదటిమెట్టు. దాంతో నాకు పేచీ లేదు. నాటకంలో మాత్రం ఆ సిద్ధుడు వచ్చాడంటే ముందుగా ఊపిరి పీల్చుకునేవాడు రాజు. చేతులు మొలిచాక నరికినవాణ్ణి ఎవరడుగుతారు? అంతా దైవలీల అయిపోతుంది. ధర్మవరంవారు తన నాటకాన్ని విషాదాంతం చేసి రాజుకు ఆ తప్పించుకునే దారి మూసేశారు. పేరు ముందు 'విషాద' అని చేర్చింది ప్రేక్షకుణ్ణి ఏడిపించడానికని అనుకుంటాం గానీ, నా లెక్కలో అది రాజు ఖాతా మూసెయ్యకుండా ఉంచడం. కొన్ని ప్రదర్శనల్లో జనం బాధపడతారని మళ్లీ సిద్ధుణ్ణి తెచ్చి మంగళం పాడేస్తున్నారు. అది దయగా కనిపిస్తుంది. కానీ ఆ దయ రాజుకే అందుతోంది.

ఇంకో అన్యాయం కూడా ఉంది, అది రాజు పక్షాన చెప్పాలి. చరిత్రలో రాజరాజనరేంద్రుడు ఉన్నాడు. తూర్పు చాళుక్యుడు, 1022 నుంచి 1061 దాకా పాలించాడు. నన్నయ చేత భారతం తెలిగింపజేసినవాడు. ఆయన భార్య రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవి. వాళ్ల కొడుకు కాళ్లూ చేతులూ పోగొట్టుకోలేదు సరికదా, 1070లో కులోత్తుంగచోళుడనే పేరుతో చోళ సింహాసనమెక్కి దాదాపు అర్ధశతాబ్దం పాలించాడు. రత్నాంగి, చిత్రాంగి, సారంగధరుడు అనేవాళ్లు ఆ రాజు శాసనాల్లో ఎక్కడా కనిపించరు. గౌరన చెప్పిన కథ మాళవదేశంలో జరిగింది. అక్కడ తండ్రి పేరు రాజమహేంద్రుడు. మన రాజరాజుకూ రాజమహేంద్రుడనే బిరుదుంది. నన్నయ భారతావతారికలోనే "రాజకులైకభూషణుఁడు రాజమనోహరుఁడు" అని ఎత్తుకుని ఆ పద్యాన్ని "రాజమహేంద్రుఁ డున్నతిన్" అని ముగిస్తాడు. ఆ పేరు కలవడంతో ఎక్కడో ఉన్న కథ గోదావరి ఒడ్డుకు చేరిందన్నది నాకు సబబుగా తోస్తుంది. తర్వాత తంజావూరు రఘునాథనాయకుడి కొలువులో చేమకూర వెంకటకవి సారంగధర చరిత్ర రాసేనాటికి కథ రాజమహేంద్రవరంలోనే స్థిరపడిపోయింది. మెట్టకు పేరొచ్చింది, మేడకు పేరొచ్చింది, గుడి వెలిసింది. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజు కొడుకుని నరికించినవాడిగా మిగిలాడు.

అదే పద్యంలో నన్నయ ఆ రాజు కత్తిని పొగుడుతాడు. ఎవరికీ ఓడని ఆ భుజం పట్టిన కత్తి అంచు నీటిధారగా మారి శత్రువులనే దుమ్మును అణిచిందంటాడు. కథ అదే కత్తికి రెండు పనులు అప్పజెప్పింది. ఒకసారి బాసికం కట్టుకుని పెళ్లిపీటల మీద కూర్చోవడం, ఇంకోసారి మెట్ట మీద తెగ్గొట్టడం. చరిత్రలో ఉన్న రాజు ఈ రెండు పనులూ చేయలేదు. విచారణ లేకుండా మనిషిని దోషిని చేయకూడదని చెప్పే నాటకమే ఆ పని చేస్తే ఎలా? అందుకని నాటకం ఆడొద్దని నేననను. ప్రదర్శన ముందు పరిచయం చెప్పే మనిషి, ఇది కథే, చరిత్రలోని రాజరాజనరేంద్రుడికి ఈ నేరంతో సంబంధం లేదని రెండు వాక్యాలు చెబితే చాలు. పరిషత్తుల్లో అతిథుల సన్మానానికి అరగంట ఇస్తున్నాం, దీనికి అర నిమిషం దొరుకుతుంది.

రత్నాంగిని ఇంతవరకూ పక్కన పెట్టాను, నాటకాల్లో ఆమెను ఎప్పుడూ పెట్టేది అక్కడే. కన్నకొడుకు పోయాక ఏడవడానికి మాత్రం పిలుస్తారు. ఆమె శోకపద్యాలకు హాల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. కానీ ఆమెకు అంతకుముందే ఒక దెబ్బ తగిలింది. కోడలిగా రావాల్సిన పిల్ల సవతిగా వచ్చిననాడు ఆమె ఏమంది? ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఇద్దరు రాణులనూ ఒకరికొకరు ఎదురుగా నిలబెట్టిన రంగం ఒక్కటి రాయగలిగితే, ఇద్దరికీ అన్యాయం చేసినవాడు ఒకడే అని ఎవరూ వివరించకుండానే తెలుస్తుంది. పద్యాలు రాయగలవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. పాత నాటకంలోకి కొత్త రంగం చేర్చడం మన రంగస్థలానికి తప్పేమీ కాదు. ఎన్నో నాటకాల్లో నటులు తమకు నచ్చిన పద్యాలు చేర్చుకుంటూనే ఉన్నారు, జనం వాటిని మూలంలోవే అనుకుని నెత్తిన పెట్టుకున్నారు.

సమాజాలు నడిపేవాళ్లకు నా విన్నపం ఇది. కత్తి పెళ్లిని రంగం మీద చూపించండి. దానికి సంభాషణ కూడా అక్కర్లేదు, మంగళవాయిద్యం చాలు. తీర్పు రంగంలో చిత్రాంగిని బయటకు పంపకండి. సారంగధరుడి పద్యం కోయకండి, వేళ మించిపోతే రాజు రెండోసారి పాడేది ఆపండి. సిద్ధుణ్ణి తీసేయండి. రాజు వేషం మాత్రం సమాజంలో అందరికంటే గొప్ప నటుడికే ఇవ్వండి. కళ్లెర్రజేసి మీసం మెలేసేవాడైతే ప్రేక్షకుడు వాణ్ణి దుర్మార్గుడని సులువుగా పక్కకు నెట్టేస్తాడు. కొడుకంటే ప్రాణం పెట్టే తండ్రిలా, ప్రజలు మెచ్చిన రాజులా మొదటి రెండు రంగాల్లో అతను మన మనసు గెలుచుకోవాలి. తీర్పు చెప్పాక, నిజం తెలిశాక, తనను ఎవరు మోసం చేశారని వెతకడం మానేసి తన చేతుల వైపు చూసుకునేలా నటించగలవాడు కావాలి. అలాంటి నటులు ఇప్పుడు కూడా ఇద్దరు ముగ్గురు నా ఎరుకలో ఉన్నారు. వాళ్లందరూ ఇంకా కృష్ణుడి వేషాలే వేస్తున్నారు.